కియాంతి కొండల్లో కుటుంబాలు నడిపే ఆర్గానిక్ వైన్ తోటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీ చూడ్డానికి వచ్చే మనవాళ్ళలో చాలామంది ఫ్లోరెన్స్‌లో రెండు మూడు రోజులుంటారు. అందులో ఒక పూట పక్కనే ఉన్న కియాంతి కొండల్లో వైన్ తోటకు పెట్టుకుంటారు. వెళ్ళేముందు, వెళ్ళొచ్చాక అడిగే సందేహాలు ఎవరివైనా ఇంచుమించు ఒకటే. అందుకని వాటన్నిటినీ ఇక్కడ రాసిపెడుతున్నాను. ఎక్కడ తెరిచి చదివినా ఫరవాలేదు. ఇది ఫ్లోరెన్స్, సియెనా నగరాల మధ్య ఉన్న కియాంతి క్లాసికో ప్రాంతం గురించి, అందులోనూ సొంత తోటలో పండిన ద్రాక్షతో సొంత ఇంట్లోనే వైన్ చేసుకునే కుటుంబాల గురించి. పెద్ద కంపెనీల సంగతి వేరు.

## వెళ్ళేముందు

కియాంతి, కియాంతి క్లాసికో రెండూ ఒకటే కాదా?

కాదండి. 1716లో ఈ కొండలున్న టస్కనీ ఏలిక మూడో కోసిమో దె మెదిచి ఒక శాసనంతో కియాంతికి హద్దులు గీశాడు. పేరుకు గిరాకీ పెరిగేసరికి చుట్టుపక్కలవాళ్ళు కూడా తమ వైన్‌ని కియాంతి అనే అమ్మసాగారు. 1932లో ప్రభుత్వం వాళ్ళందరినీ ఆ పేరులోకి చేర్చి, అసలు కొండ ప్రాంతాన్ని మాత్రం "క్లాసికో" అని విడదీసింది. ఇప్పుడు రెండిటికీ నియమాలు వేరు, ధర వేరు. గుర్తు పట్టడం తేలిక: క్లాసికో సీసా మీద నల్ల కోడిపుంజు ముద్ర ఉంటుంది.

ఆ పుంజుకో కథ చెబుతారు. ఫ్లోరెన్స్, సియెనాల మధ్య సరిహద్దు తగవు తేలక, కోడి కూయగానే రెండు ఊళ్ళ నుంచీ గుర్రపురౌతులు బయల్దేరాలని, ఇద్దరూ కలిసినచోట హద్దు గీయాలని ఒప్పందం జరిగిందట. ఫ్లోరెన్స్‌వాళ్ళు తమ నల్లపుంజును మేత పెట్టకుండా మాడ్చారు. అది ఆకలికి తెల్లవారకముందే కూసింది. కియాంతిలో సింహభాగం వాళ్ళకే దక్కింది. చరిత్రో కట్టుకథో గానీ, సియెనావాళ్ళ దగ్గర ఈ కథ ఎత్తకపోవడం మంచిది.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది? కోతలప్పుడు వెళ్ళొచ్చా?

ఏప్రిల్‌లో తీగలు చిగురిస్తాయి, జూన్ మొదట్లో పూత, ఆగస్టుకు కాయ రంగు తిరుగుతుంది. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా కోతలు. ఫొటోలకు కోతల కాలమే గొప్పది. కానీ ఆ వారాల్లో ఇంటిల్లిపాదీ తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా పనిలో ఉంటారు. మీతో కూర్చుని మాట్లాడే తీరిక వాళ్ళకుండదు. కబుర్లు కావాలంటే మే నెల, లేదా ఆలివ్ కాయలు కోసే నవంబరు. నవంబరులో వెళ్ళినవాళ్ళకు గానుగ నుంచి అప్పుడే వచ్చిన పచ్చటి నూనె కూడా దొరుకుతుంది, నా దృష్టిలో అది వైన్ కంటే పెద్ద అదృష్టం. ఆగస్టు 15 చుట్టూ ఇటలీ అంతా సెలవుల్లో ఉంటుంది, ఆ వారం వదిలేయండి.

ముందు చెప్పకుండా వెళ్తే రానివ్వరా?

చాలాచోట్ల రానివ్వరు. అది దుకాణం కాదు, ఇల్లు. తోట చూపించేది ఆ ఇంటి అమ్మాయో, కొడుకో, పెద్దాయనో. మీకోసం వాళ్ళు ట్రాక్టర్ ఆపి రావాలి. వారం ముందు ఈమెయిల్ పెట్టండి, ఎంతమంది వస్తున్నారో, శాకాహారులు ఎవరున్నారో రాయండి. ఆలస్యమైతే ఫోన్ చేయండి. టేస్టింగ్‌కు మనిషికి ఇంత అని రుసుము ఉంటుంది, ముందే అడిగి తెలుసుకోవడంలో తప్పులేదు.

కారు లేకుండా వెళ్ళగలమా?

కష్టపడితే వెళ్ళొచ్చు. ఈ కొండల మధ్యకు రైలు రాదు. ఫ్లోరెన్స్ నుంచి గ్రేవె, పంజానో ఊళ్ళకు బస్సులున్నాయి, ఆదివారాలు తక్కువ. ఊరి నుంచి తోట దాకా మట్టిరోడ్డు మీద రెండు మూడు కిలోమీటర్లు నడవాల్సి రావచ్చు. టాక్సీలు రోడ్డు మీద కనిపించవు, ముందే మాట్లాడుకోవాలి. నలుగురైదుగురు ఉంటే డ్రైవరుతో సహా బండి కుదుర్చుకోవడమే నయం, అందరూ నిశ్చింతగా రుచి చూడొచ్చు.

సొంతంగా నడిపేవాళ్ళు లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవాలి, ఇండియా లైసెన్స్‌కైనా అమెరికా లైసెన్స్‌కైనా అంతే. ఫ్లోరెన్స్, సియెనా నడిబొడ్డున జెడ్‌టీఎల్ అనే నిషిద్ధ వీధులుంటాయి. అనుమతి లేని కారు దూరితే కెమెరా ఫొటో తీస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది.

మా ఇంట్లో ఎవరూ తాగరు. మేం వెళ్ళి ఏం చేస్తాం?

తోట చూడండి. వ్యవసాయం తెలిసిన కుటుంబం నుంచి వచ్చినవాళ్ళైతే తాగేవాళ్ళకంటే మీకే ఎక్కువ విషయం దొరుకుతుంది. ఆలివ్ నూనె, తేనె, కొన్నిచోట్ల ద్రాక్షరసం ఉంటాయి. తాగరని ముందే చెబితే ఎవరూ బలవంతం చేయరు. చాలా ఎస్టేట్లలో బస కూడా ఉంటుంది. వ్యవసాయ కుటుంబం తన ఇంట్లోనే అతిథులను ఉంచుకునే ఈ పద్ధతిని ఇటలీలో అగ్రితురిజ్మో అంటారు, 1985 నుంచి దీనికి ప్రత్యేక చట్టం ఉంది. వ్యవసాయమే ముఖ్యమైన వృత్తిగా ఉన్నవాళ్ళకే ఆ పేరు వాడుకునే హక్కు.

పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళొచ్చు. పరిగెత్తడానికి కావలసినంత జాగా ఉంటుంది. సెల్లార్‌లో, అంటే వైన్ చేసి నిల్వ ఉంచే చోట, పులుస్తున్న తొట్ల దగ్గర మాత్రం చెయ్యి వదలకండి. పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ నేలమట్టాన పేరుకుంటుంది, అది పెద్దలకే ప్రమాదం.

ఈ కుటుంబాలు తాతముత్తాతల నుంచీ ఇక్కడివాళ్ళేనా?

కొందరే. బ్రోలియో కోటలోని రికాసోలి వంశం 1141 నుంచీ ఉంది, కానీ అలాంటివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా కథ వేరే. ఇక్కడ వందల ఏళ్ళు నడిచింది మెద్జాద్రియా, అంటే సగం పాలు కౌలు. భూమి దొరది, చాకిరీ రైతు కుటుంబానిది, పంట చెరి సగం. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఆ సగంతో బతకలేక రైతులు ఫ్యాక్టరీ పనులకు దిగువ పట్టణాలకు వెళ్ళిపోయారు. 1964లో చట్టం కొత్త పాలు ఒప్పందాలను నిషేధించింది. అప్పటికే రాతి ఇళ్ళు పాడుబడ్డాయి, తోటలు అడవి పట్టాయి.

ఆ వదిలేసిన భూములను 1960లు, 70లలో మిలన్, రోమ్ నుంచి, స్విట్జర్లాండ్, జర్మనీ, ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళు చవగ్గా కొన్నారు. కొన్నిచోట్ల పాలుకు చేసిన రైతు కుటుంబమే కూడబెట్టి తాను దున్నిన నేలను కొనుక్కుంది. ఇప్పుడు మీకు గ్లాసులో పోసేది చాలావరకు వాళ్ళ పిల్లలో, మనవలో. పాత ఇంటి కింది అంతస్తులో పశువుల కొట్టం ఉండేది, ఇప్పుడు అక్కడే టేస్టింగ్ గది ఉంటుంది. గోడకు గాటి కొక్కేలు కనిపిస్తే అడగండి, ఆ ఇంటి చరిత్ర అక్కణ్ణుంచి మొదలవుతుంది.

## తోటలో

ఆర్గానిక్ అంటే మందులే కొట్టరా?

కొడతారు. ఇదొక్కటి అర్థమైతే సగం అపోహలు పోతాయి. ద్రాక్షకు రెండు పాత శత్రువులు: బూజు తెగులు, బూడిద తెగులు. రెండూ 19వ శతాబ్దంలో అమెరికా నుంచి ఐరోపాకు వచ్చినవే. ఇక్కడి తీగలకు వాటిని తట్టుకునే శక్తి లేదు. బూడిద తెగులుకు గంధకం చల్లుతారు. బూజు తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం, లేదా రాగితోనే తయారైన వేరే మందు. మన నిమ్మ, తమలపాకు తోటల్లో కొట్టే బోర్డో మిశ్రమం పుట్టింది ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లోనే, 1880లలో.

ఆర్గానిక్‌లో నిషేధం కృత్రిమ రసాయనాల మీద: కలుపు మందులు, మొక్క లోపలికి ఇంకే శిలీంద్రనాశకాలు, రసాయన ఎరువులు. ఇందులో చిక్కుంది. లోపలికి ఇంకే మందు వాన పడినా పనిచేస్తుంది. రాగి, గంధకం ఆకు పైనే ఉంటాయి, గట్టి వాన పడితే కడుక్కుపోతాయి, మళ్ళీ కొట్టాలి. కాబట్టి ఆర్గానిక్ రైతు పక్కవాడికంటే ఎక్కువసార్లు ట్రాక్టర్ తీయాల్సి రావచ్చు. 2023 వసంతంలో వానలు విడవకుండా పడి మధ్య ఇటలీలో బూజు తెగులు విరుచుకుపడినప్పుడు ఆర్గానిక్ తోటలే ఎక్కువ నష్టపోయాయి. వాన ఆగిన గంటల్లో తోటలోకి దిగగలిగినవాళ్ళు కొంత కాపాడుకున్నారు. యజమాని తోటలోనే కాపురం ఉండడం ఇక్కడే పనికొస్తుంది. నన్నడిగితే కుటుంబం నడపడం, ఆర్గానిక్ అన్నవి రెండు వేర్వేరు సుగుణాలు కావు, రెండోది నిలబడేది మొదటిదాని మీదే.

రాగి మాత్రం విషం కాదా? మట్టిలో పేరుకుపోదా?

పేరుకుంటుంది. వానపాములకు, మట్టిలోని సూక్ష్మజీవులకు అది మంచిది కాదు. అందుకే యూరోపియన్ యూనియన్ పరిమితి పెట్టింది: ఏడేళ్ళలో హెక్టారుకు మొత్తం 28 కిలోల లోహపు రాగి, అంటే సగటున ఏటా 4 కిలోలు. వానలెక్కువైన ఏడు కాస్త ఎక్కువ వాడి, ఎండిన ఏడు తగ్గించుకోవచ్చు. ఈ పరిమితి ఆర్గానిక్ కాని తోటలకూ వర్తిస్తుంది, కాకపోతే వాళ్ళకు వేరే మందులున్నాయి. "పోయినేడు రాగి ఎంత వాడారు?" అని అడిగి చూడండి. లెక్క చెప్పగలిగినవాళ్ళు నిజంగా తోట చూసుకుంటున్నట్టు.

వరుసల మధ్య గడ్డి, చిక్కుడు మొక్కలు అలాగే వదిలేశారేంటి?

వదిలేయలేదు, విత్తారు. మనం జనుము, జీలుగ వేసి పూత దశలో కలియదున్నినట్టే ఇక్కడ శరదృతువులో ఫావా చిక్కుడు, బార్లీ, క్లోవర్ కలిపి చల్లుతారు. వసంతంలో వాటిని కోసి మట్టిలో కలుపుతారు, లేదా తొక్కించి పరుస్తారు. పచ్చిరొట్ట ఎరువన్నమాట. చిక్కుడు నత్రజనిని పడుతుంది, బార్లీ వేళ్ళు గట్టినేలను గుల్ల చేస్తాయి, వాలులో మట్టి కొట్టుకుపోకుండా రెండూ ఆపుతాయి. చాలామంది వరుస విడిచి వరుస వేస్తారు, ట్రాక్టర్ తిరగడానికి వీలుగా. తీగల మొదళ్ళ దగ్గర కలుపును మాత్రం యంత్రంతోనో పారతోనో తీయాల్సిందే.

పురుగు పడితే ఏం చేస్తారు?

కాయ తొలిచే పురుగుకు లింగాకర్షణ పద్ధతి వాడతారు. తీగలకు వేలాడే చిన్న గొట్టాలు, తీగముక్కలు కనిపిస్తాయి కదా, వాటి నుంచి ఆడపురుగు వాసన గాలి నిండా వ్యాపిస్తుంది. మగపురుగుకు జత ఎక్కడుందో తెలియక తికమకపడుతుంది. పక్క తోటలు కూడా కలిసి పెడితేనే ఇది బాగా పనిచేస్తుంది. పంజానో చుట్టూ ఉన్న ద్రాక్ష భూమిలో అత్యధిక భాగం ఆర్గానిక్‌లోకి మారడానికి ఇలాంటి ఉమ్మడి ప్రయత్నాలే కారణం. అక్కడి రైతులు 1995లో సంఘం కట్టుకున్నారు. 2005లో రుజ్జెరో మాజ్జిల్లి అనే వ్యవసాయ నిపుణుడు అదే ఊళ్ళో సుస్థిర ద్రాక్షసాగుకు ప్రయోగ కేంద్రం పెట్టాడు. వేపలో ఉండే అజాడిరక్టిన్‌కు కూడా ఐరోపా ఆర్గానిక్ నియమాల్లో చోటుంది.

అసలు ఇక్కడి రైతును ఏడిపించే జీవి పురుగు కాదు, అడవిపంది. ఈ ప్రాంతంలో మూడింట రెండొంతులు అడవే. పండిన ద్రాక్ష వాసనకు పందులు, జింకలు రాత్రికి రాత్రే వరుసలు ఖాళీ చేస్తాయి. తోట చుట్టూ కరెంటు కంచె ఉంటుంది, ఫొటో మోజులో చెయ్యి వేయకండి.

చెట్లు ఇంత పొట్టిగా ఉన్నాయేం? మన దగ్గర పందిరి వేస్తారు కదా?

హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి పందిళ్ళు చూసినవాళ్ళకు ఈ సందేహం తప్పకుండా వస్తుంది. అది తినే ద్రాక్ష: పెద్ద కాయ, పలచని రుచి, చెట్టుకు ఎంత కాస్తే అంత లాభం. ఇక్కడి సాంజోవేసె వైన్ ద్రాక్ష: కాయ చిన్నది, గింజలుంటాయి, తీపి, పులుపు, వగరు మూడూ దండిగా ఉంటాయి. చెట్టుకు కాపు తగ్గితేనే రసం చిక్కబడుతుంది. అందుకే మోకాలెత్తులో ఇనుప తీగెల మీదకు పాకించి, గుబురు తగ్గించి గాలి ఆడేలా ఉంచుతారు. గాలి ఆడితే బూజూ తగ్గుతుంది. లామొలె వైపు ఎత్తైన రాతి మెట్ల పొలాల్లో తీగె కూడా లేకుండా పొదలా పెంచిన పాత చెట్లు ఇంకా ఉన్నాయి, అక్కడ పనంతా చేతులతోనే.

ఎకరానికి ఎంత పండుతుంది?

ఎంత పండినా, కియాంతి క్లాసికో పేరుతో అమ్మాలంటే హెక్టారుకు 7.5 టన్నులు దాటకూడదు. మన లెక్కలో ఎకరానికి సుమారు 30 క్వింటాళ్ళు. కొత్తగా నాటే తోటలో హెక్టారుకు కనీసం 4,400 మొక్కలుండాలి కాబట్టి చెట్టుకు 1.7 కిలోల చొప్పున పడుతుంది, అంటే చెట్టుకు ఒకటిన్నర సీసా. కాపు ఎక్కువైతే ఎండాకాలంలో పచ్చి గుత్తులు కోసి కిందపడేస్తారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది గానీ మిగిలిన గుత్తులు బాగుపడతాయి.

నీళ్ళు పెట్టరా? డ్రిప్ ఎక్కడా కనబడలేదు.

చాలా తోటలు వానాధారమే. నియమాల ప్రకారం చెట్టు ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే తడి ఇవ్వొచ్చు.

ఇంత కొండ మీద ఎందుకు కష్టపడడం?

ఈ తోటలు ఎక్కువగా 250 నుంచి 600 మీటర్ల ఎత్తులో ఉంటాయి. పగటి ఎండకు కాయ తీపెక్కుతుంది, రాత్రి చల్లదనానికి పులుపు నిలుస్తుంది. నేల కూడా వేరు: పెళుసుగా పలకలు పలకలుగా విరిగే గలెస్ట్రో, గట్టి సున్నపురాయి అల్బెరేసె. నీరు నిలవదు, సారం తక్కువ, వేళ్ళు లోతుకు పోతాయి. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ఒకప్పుడు ద్రాక్ష సరిగా పండదని చిన్నచూపు చూసిన ఎత్తైన పొలాలకే ఇప్పుడు గిరాకీ. బూట్లు వేసుకుని వెళ్ళండి, ఈ రాళ్ళ మీద చెప్పులు నిలవవు.

ఇది మన ప్రకృతి వ్యవసాయం లాంటిదేనా? ఆవు కొమ్ములో పేడ పెడతారట కదా?

కొమ్ము వ్యవహారం బయోడైనమిక్ పద్ధతిలోది, ఆర్గానిక్ అంతా అలా కాదు. రుడాల్ఫ్ స్టైనర్ 1924లో ఇచ్చిన ఉపన్యాసాల మీద అది నడుస్తుంది. ఆవుకొమ్ములో పేడ నింపి చలికాలమంతా భూమిలో పాతిపెట్టి, వసంతంలో తీసి, అందులో కొద్దిగా తీసుకుని నీళ్ళలో గంటసేపు తిప్పి పొలంలో చల్లుతారు. కియాంతిలో కొన్ని కుటుంబాలు దీన్ని పాటిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రభుత్వ కార్యక్రమంగా సాగుతున్న ప్రకృతి వ్యవసాయంలో జీవామృతం, ఘనజీవామృతం చూసినవాళ్ళకు ఇది పరాయిగా అనిపించదు. దేశీ ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి పులియబెట్టే జీవామృతంలో సూక్ష్మజీవులను పెంచడం ఉద్దేశం. కొమ్ము ఎరువులో అంత తక్కువ మోతాదు ఎలా పనిచేస్తుందన్నది నాకు నమ్మకం కుదరని సంగతి. కానీ అది పాటించే రైతులు తోటను కంటికి రెప్పలా చూస్తారు, ఫలితం అందులోంచి వస్తుందేమో.

ఆర్గానిక్ అని ఎవరు తేలుస్తారు? వాళ్ళు చెప్పుకుంటే చాలా?

చాలదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న తనిఖీ సంస్థలు సాధారణంగా ఏటా వచ్చి పుస్తకాలు, గోడౌన్, తోట చూస్తాయి, కొన్నిసార్లు నమూనాలు తీసుకుంటాయి. ద్రాక్ష లాంటి బహువార్షిక పంటకు మారే గడువు మూడేళ్ళు. ఆ మూడేళ్ళు ఖర్చు ఆర్గానిక్‌ది, ధర మామూలుది. సర్టిఫికెట్ వచ్చాక సీసా వెనక ఆకుపచ్చ గడి మీద నక్షత్రాలతో గీసిన ఆకు బొమ్మ, దాని దగ్గర తనిఖీ సంస్థ కోడ్ ఉంటాయి. కొన్ని చిన్న కుటుంబాలు ఆర్గానిక్‌గానే పండించినా కాగితాల బెడదకు సర్టిఫికెట్ తీసుకోవు. వాళ్ళ మాట నమ్మడం, మానడం మీ ఇష్టం.

## సెల్లార్‌లో

ద్రాక్ష ఆర్గానిక్ అయితే వైన్ ఆర్గానిక్ అయినట్టే కదా?

2012 ఆగస్టు దాకా ఐరోపాలో "ఆర్గానిక్ వైన్" అన్న మాటే చట్టంలో లేదు, "ఆర్గానిక్ ద్రాక్షతో చేసిన వైన్" అని మాత్రమే రాసుకునేవారు. ఆ ఏడు సెల్లార్‌కూ నియమాలు వచ్చాయి. సోర్బిక్ ఆమ్లం కలపకూడదు, వైన్ పాడవకుండా కలిపే సల్ఫర్ డయాక్సైడ్ (లేబుల్ మీద సల్ఫైట్లు అనేది దీన్నే) తక్కువ మోతాదులో వాడాలి.

సీసా మీద "సల్ఫైట్లు ఉన్నాయి" అని రాసుంది. ఇదేం ఆర్గానిక్? తలనొప్పి దానివల్లేనా?

పులిసేటప్పుడు ఈస్ట్ కూడా కొంత సల్ఫైట్‌ను తయారుచేస్తుంది. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే సీసా మీద రాయాల్సిందే, కాబట్టి దాదాపు అన్ని సీసాల మీదా ఆ మాట ఉంటుంది. తీపి లేని ఎర్ర వైన్‌కు ఐరోపాలో పరిమితి లీటరుకు 150 మిల్లీగ్రాములు, ఆర్గానిక్‌కు 100. తెల్ల వైన్‌కు 200, ఆర్గానిక్‌కు 150. ఎండు ఆప్రికాట్లకు కిలోకు 2,000 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. అవి తిని తలనొప్పి రానివాళ్ళు సల్ఫైట్లను తిట్టడం న్యాయం కాదు. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి మాత్రం సల్ఫైట్లు నిజంగానే పడవు, వాళ్ళు జాగ్రత్తపడాలి. మిగతావాళ్ళు ముందు నీళ్ళు తాగారో లేదో, ఎన్ని గ్లాసులయ్యాయో చూసుకోండి.

వైన్ శాకాహారమేనా?

మంచి ప్రశ్న, చాలామంది అడగడం మర్చిపోతారు. వైన్‌ను తేటపరచడానికి కోడిగుడ్డు తెల్లసొన, పాల కేసిన్, జెలటిన్, చేప తిత్తి నుంచి తీసే పదార్థం వాడే పద్ధతులున్నాయి. ఆర్గానిక్ నియమాలు వీటిని నిషేధించలేదు. గుడ్డు, పాల అవశేషాలుంటే అలర్జీల కోసం లేబుల్ మీద రాయాలి, జెలటిన్, చేప పదార్థం గురించి రాయనక్కర్లేదు. చిన్న ఎస్టేట్ల ఎర్ర వైన్లు చాలావరకు నెలల తరబడి పీపాలో ఊరికే ఉండి మడ్డి దిగి వాటంతటవే తేటబడతాయి. కొందరు బెంటొనైట్ అనే బంకమన్ను వాడతారు. "దేనితో తేటపరుస్తారు?" అని నేరుగా అడగండి, లేదా సీసా మీద వీగన్ గుర్తు చూడండి.

సీసాల మీద రిసేర్వా, గ్రాన్ సెలెత్సియోనె అని ఉంటాయి. ఏది కొనాలి?

మామూలుదానిలో, రిసేర్వాలో సాంజోవేసె కనీసం 80 శాతం ఉండాలి. మామూలు కియాంతి క్లాసికో కోత అయిన ఏడాదికి బయటికొస్తుంది. రిసేర్వా 24 నెలలు ఆగాలి. 2014లో వచ్చిన గ్రాన్ సెలెత్సియోనె 30 నెలలు ఆగాలి, ఎస్టేట్ సొంత ద్రాక్షతోనే చేయాలి. ధర ఆ వరసలోనే పెరుగుతుంది. నా సలహా మామూలుదే కొనమని. ఆ కుటుంబం రోజూ భోజనంలో తాగేది అదే, తోట రుచి సూటిగా తెలిసేదీ అందులోనే. ఖరీదైన సీసాలలో కొన్నిసార్లు కొత్త ఓక్ పీపా వాసనే ముందు తగులుతుంది.

అటక మీద ద్రాక్ష ఎండబెట్టారు, ఎందుకు?

అది విన్ శాంతో అనే తీపి వైన్ కోసం. త్రెబ్బియానో, మల్వాజియా అనే తెల్ల ద్రాక్షను చాపల మీద పరచో, వేలాడదీసో నెలల తరబడి వాడ్చి, పిండి, ఆ కాస్త చిక్కటి రసాన్ని చిన్న పీపాల్లో మూసి అటక మీదే ఏళ్ళపాటు వదిలేస్తారు. ఎండాకాలం వేడి, చలికాలం చలి రెండూ తగలాలి. బాదం బిస్కెట్లతో ఇస్తారు. వాటిని గ్లాసులో ముంచుకు తినడం పర్యాటకుల అలవాటని కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు, వాళ్ళే ఇంట్లో ముంచుకు తింటారు.

## రుచి చూసేటప్పుడు

నోట్లో పోసుకుని ఉమ్మేస్తే అవమానం కాదా?

కాదు. బల్ల మీద పాత్ర పెట్టేది అందుకే. ఎంగిలి అనే పట్టింపు మనకే.

నాకు పుల్లగా, వగరుగా అనిపించింది. పాడైపోయిందా?

లేదండి, సాంజోవేసె స్వభావమే అది. జామపిందె కొరికినప్పుడు నాలుక బిరుసెక్కినట్టయ్యే వగరు తొక్క, గింజల నుంచి వస్తుంది. ఒక్క గుక్క తాగి తీర్పు చెప్పకండి. పక్కన పెట్టిన రొట్టె మీద ఆలివ్ నూనె వేసుకుని ఒక ముక్క తిని మళ్ళీ తాగండి, నూనె ఆ వగరును లొంగదీస్తుంది. ఈ వైన్ భోజనంతో తాగడానికే పుట్టింది. నిజంగా పాడైన వైన్ తడిసిన అట్టపెట్టె వాసనో, వెనిగర్ ఘాటో కొడుతుంది. అలా అనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి, ఇంకో సీసా తెరుస్తారు.

ఆర్గానిక్ అని రుచిలో తెలిసిపోతుందా?

కళ్ళు మూసుకుని తాగితే చెప్పలేరు. నేనూ చెప్పలేను. ఆకు బొమ్మ చెప్పేది నేలకు ఏం చేశారన్నది. రుచి సంగతి కాయ ఎప్పుడు కోశారు, కుళ్ళిన గుత్తులు ఏరారా, తొట్లు శుభ్రంగా ఉన్నాయా అన్నవాటి మీద ఆధారపడుతుంది. ఆర్గానిక్ పేరుతో నాసిరకం వైన్ పోసేవాళ్ళూ ఉన్నారు. అయితే ఒకటి: కలుపు మందు కొట్టని కొండవాలు మీద వాన పడ్డాక నడిస్తే కాలికింద నేల మెత్తగా దిగుతుంది. పక్కనే కొట్టిన పొలం గట్టిగా తగులుతుంది. తేడా వెతుక్కోవాలంటే గ్లాసులో కాదు, అక్కడ వెతుక్కోండి.

శాకాహారులకు తినడానికి ఏమైనా ఉంటుందా?

పుష్కలంగా. టస్కనీ పేదరైతు తిండి చాలావరకు రొట్టె, చిక్కుళ్ళు, కూరగాయలే. ఉప్పులేని రొట్టె కాల్చి వెల్లుల్లి రుద్ది కొత్త నూనె పోసిన ఫెత్తుంతా, టమాటా రొట్టె ముద్ద, తెల్ల చిక్కుళ్ళు, రొట్టె సలాడ్ ఉంటాయి. రిబొల్లీతా అనే క్యాబేజీ-చిక్కుళ్ళ సూప్‌లో కొందరు పంది మాంసం ముక్క వేస్తారు, అడగండి. పెకొరీనో లాంటి గట్టి చీజ్‌లను ఎక్కువగా జంతువు కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు, నిష్ఠ ఉన్నవాళ్ళు అది గమనించాలి. ఆవకాయ డబ్బా మాత్రం సంచిలోనే ఉంచండి. కారం తగిలిన నాలుకకు ఏ వైన్ అయినా మంటే.

టేస్టింగ్ అయ్యాక కారు నడపొచ్చా?

రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ దాకా చట్టం ఒప్పుకుంటుంది. 21 ఏళ్ళ లోపువాళ్ళకు, లైసెన్స్ వచ్చి మూడేళ్ళు కానివాళ్ళకు సున్నా. నాలుగు రకాలు మింగితే ఆ గీత దాటడం తేలిక, ఈ రోడ్లు అన్నీ మలుపులే. నడిపేవాళ్ళు ఉమ్మేయాలి, లేదా మానేయాలి.

## కొనడం, ఇంటికి తెచ్చుకోవడం

కొనకపోతే ఏమనుకుంటారు? బేరం ఆడొచ్చా?

రుసుము కట్టారు కాబట్టి కొనాలన్న నిర్బంధం లేదు. నచ్చితే ఒకటి రెండు సీసాలు తీసుకోవడం మర్యాద. బేరం ఆడకండి. ఆరు సీసాల పెట్టె కొంటే చాలామంది వాళ్ళే కాస్త తగ్గిస్తారు, లేదా నూనె సీసా ఒకటి చేతిలో పెడతారు. టిప్ అక్కర్లేదు.

ఇండియాకి ఎన్ని సీసాలు తేవచ్చు?

పన్ను లేకుండా మనిషికి 2 లీటర్లు. సీసా 750 మిల్లీలీటర్లు కాబట్టి రెండు సీసాలు నిక్షేపంగా తేవచ్చు, మూడోదానితో 2.25 లీటర్లై పరిమితి దాటుతుంది, ఆ పైన సుంకం చాలా ఎక్కువ. క్యాబిన్ బ్యాగులో కుదరదు, చెక్-ఇన్‌లో పెట్టాలి. బట్టల మధ్య చుట్టి, చుట్టూ మూసిన ప్లాస్టిక్ సంచిలో వేసి పెట్టెకు సరిగ్గా నడుమ ఉంచండి.

అమెరికాకి తీసుకెళ్తే? అక్కడ ఆర్గానిక్ అని రాసుండదేం?

21 దాటినవాళ్ళు మనిషికి 1 లీటరు సుంకం లేకుండా తీసుకెళ్ళొచ్చు. అంతకు మించితే కస్టమ్స్‌లో చెప్పాలి, సుంకం కట్టాల్సి రావచ్చు. లేబుల్ సంగతికొస్తే, అమెరికా నియమాల్లో "ఆర్గానిక్ వైన్" అంటే సల్ఫైట్ అసలు కలపకూడదు. అందుకే ఇటలీలో ఆర్గానిక్‌గా అమ్ముడయ్యే వైన్ అక్కడ "ఆర్గానిక్ ద్రాక్షతో చేసినది" అన్న మాటతో కనిపిస్తుంది.

మన ఊళ్ళో ఎండకి పాడవుతుందా? ఎన్నాళ్ళు దాచొచ్చు?

పాడవుతుంది. 40 డిగ్రీల గదిలో అల్మారాలో పెట్టిన సీసా ఒక్క వేసవిలో ఉడికిపోతుంది, బిరడా పైకి పొంగి రసం కారుతుంది. సరైన చల్లదనంలో మంచి రిసేర్వా పదేళ్ళ పైన ఉంటుంది. కానీ మన ఇళ్ళలో ఆ చల్లదనం ఉండదు, కాబట్టి తెచ్చిన నెలల్లోనే తాగేయండి. అప్పటిదాకా ఫ్రిజ్ కింది అరలో అడ్డంగా పడుకోబెట్టండి. తాగే ముందు అరగంట బయటపెట్టాలి, మరీ చల్లగా ఉంటే వగరు తప్ప ఏమీ తెలియదు.

మన వంటల్లో దేనితో బాగుంటుంది?

పులుపుకు పులుపు జత. కారం తగ్గించి వండిన టమాటా పప్పు, మిరియాలతో చేసిన మటన్ వేపుడు, వంకాయ కాల్చి చేసిన పచ్చడి బాగా కుదురుతాయి. గోంగూర దగ్గర మాత్రం ఓడిపోతుంది, దాని పులుపు ముందు సాంజోవేసె నీళ్ళలా ఉంటుంది.